ఏట్లో దిగిన ఫొటోలు

బుడమేరు నీళ్లు తీశాక మా వాకిట్లో చీరలు ఆరేసే తాడు మీద నెగటివ్‌లు ఆరేశాను. 2024 సెప్టెంబరు రెండో వారం అది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఏ గుమ్మం ముందు చూసినా తడిసిన పరుపులు, పిల్లల పుస్తకాలు, ముక్కిపోయిన బియ్యం, వాటి పక్కన ఎండకు తెరిచి పెట్టిన పెళ్లి ఆల్బమ్‌లు. ఆ నెల మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి పోయాయి. 1957లో బ్యారేజీ కట్టాక అంత నీరు రావడం అదే మొదలు. మమ్మల్ని ముంచింది మాత్రం కృష్ణమ్మ కాదు, ఊరి వెనకనుంచి వచ్చిన బుడమేరు వాగు.

ఇంట్లో నడుం లోతు నీళ్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కింది అరల్లో పాతికేళ్ల నెగటివ్‌లున్నాయి. కొన్నింటి మీద జిలెటిన్ జావగారి మనుషులు కారిపోయారు. మిగతావాటిని బకెట్లో మంచినీళ్లతో నాలుగైదు సార్లు జాడించి, క్లిప్పులు పెట్టి తాడుకు వేలాడదీశాను. మా ఆవిడ ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి చూస్తూ, "ఇది ఫలానావాళ్ల పెళ్లి, ఇది ఉయ్యూరు తిరునాళ్ల" అని చెబుతూ పోయింది. నలభై ఏళ్లు ఇంట్లో ఉంటే నల్లది తెల్లగా, తెల్లది నల్లగా కనపడే బొమ్మలోనూ మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చేస్తుంది.

చుట్టుపక్కలవాళ్లు ఆల్బమ్‌లు పట్టుకుని వచ్చారు. "బాబాయ్, అతుక్కుపోయాయి. లాగితే ముఖాలు ఊడొస్తున్నాయి" అంది ఒకమ్మాయి ఏడుపు గొంతుతో. లాగొద్దమ్మా అన్నాను. పెద్ద టబ్బులో మంచినీళ్లు పోసి, పేజీని పేజీగానే అందులో పడుకోబెట్టాం. బురద కిందికి దిగింది. నీళ్లు మార్చాం. గంట గడిచాక ప్లాస్టిక్ కాగితం తనంతట తనే వదిలింది. అంచులు ఎర్రబారాయిగానీ మధ్యలో తలంబ్రాలు పోసుకుంటూ వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు. ఫిల్ము కాలపు ఫొటోకి నీళ్లు కొత్త కాదు. డెవలపర్‌లో నాని, హైపోలో నాని, పారే నీళ్లలో బాగా కడిగించుకున్నాకే అది వెలుతురు చూస్తుంది. అందుకే మనవాళ్లు ఫొటోలు కడిగించడం అంటారు. తడిసినంత మాత్రాన పోదది. జిలెటిన్ జావగారిపోతేనో, తడిసి, అతుక్కుని, అలాగే ఎండిపోతేనో పోతుంది.

అదే వీధిలో ఓ కుర్ర ఫొటోగ్రాఫరు తను తీసిన పెళ్లిళ్లన్నీ దాచుకున్న హార్డ్ డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాను. దానికి నా దగ్గర మందు లేదు.

అటక మీది రేకు పెట్టె మాత్రం తడవలేదు. రసీదు పుస్తకాలు, చిరునామాల రిజిస్టర్లు, దారంతో కట్టిన 43 కవర్లు ఉన్నాయందులో. 1992 కృష్ణా పుష్కరాల్లో తీసి పోస్టులో పంపితే, మనిషి దొరక్క నాకే తిరిగొచ్చిన ఫొటోలవి.

ఫొటో తీయడం ఒక పని. తీసిన ఫొటోని దాని మనిషికి చేర్చి డబ్బు తీసుకోవడం ఇంకో పని. నేను బతికింది ఆ రెండో పనితో. ఇవాళ ఆ పని లేదు.

1978లో గవర్నరుపేటలో ఒక స్టూడియోలో చేరాను. పదహారేళ్లు నాకు. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం, రెండు పూటలా టీ. యజమానిని మేష్టారూ అని పిలిచేవాళ్లం. మొదటి ఏడాది కెమెరా ముట్టనివ్వలేదు. ట్రేలు కడగడం, హైపో కలపడం, తడి ప్రింట్లను గ్లేజింగ్ ప్లేటు మీద బోర్లించి రబ్బరు రోలరుతో నీళ్లు పిండడం, అంతే. ప్లేటు వేడెక్కి ప్రింటు పూర్తిగా ఆరిన క్షణాన 'టప్' మని అదే ఎగిరొచ్చేది. ముందే లాగితే మెరుపు మీద చిప్పలు చిప్పలుగా మచ్చలు పడేవి. ఆ చప్పుడు కోసం కాసుకుని కూర్చోవడమే నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఊటీలో ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన 'ఇందు' కాగితం, తూర్పు జర్మనీనుంచి వచ్చే ఓర్వో రీలు మా సరుకు. ఆ రెండిటి వాసనా నాకింకా ముక్కులోనే ఉంది.

అంతకు ముందు ఏడాదే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. మేష్టారు దాని గురించి ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒక్కటి మాత్రం చెప్పేవారు. నెల్లాళ్లు గడిచాక దివి వైపునుంచి మనుషులు స్టూడియోకి రావడం మొదలెట్టారట. ఇల్లూ పోయింది, ఇంట్లో గోడకున్న ఫొటో కూడా పోయింది. స్కూలు గ్రూపు ఫొటోలో మూడో వరసలో ఐదోవాడు మావాడు, వాణ్ణొక్కణ్ణీ పెద్దది చేసి ఇవ్వగలరా అని అడిగారట. శనగగింజంత ముఖాన్ని పెద్దది చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో కళ్లూ కనుబొమలూ దిద్ది, దండ వెయ్యడానికి ఫొటో చేసిచ్చారు. అప్పటినుంచి మా స్టూడియోలో నెగటివ్ పారెయ్యడం లేదు. కొన్నదైనా, కొననిదైనా నంబరు వేసి దాచాల్సిందే.

సభల ఫొటోలు ఒక ప్రత్యేకమైన చదువు. 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టింది మొదలు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేదాకా విజయవాడలో మాలాంటివాళ్లకు తీరిక లేదు. పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్‌లో సభ అంటే మధ్యాహ్నానికే వేదిక పక్క మెట్ల దగ్గర చోటు పట్టుకోవాలి. నాయకుడి ఫొటో ఎవరూ కొనరు, అది పొద్దున్నే పేపర్లో వస్తుంది. కొనేది ఆయన మెడలో దండ వేసినవాడు. సర్పంచిగారు, రైసు మిల్లు యజమాని, రిక్షా సంఘం కార్యదర్శి. దండ ఇంకా గాల్లో ఉంటే వేసేవాడి ముఖం దాని వెనక దాక్కుంటుంది. చేతులు వదిలేశాక అయితే దండ ఎవరు వేశారో తెలియదు. మెడ మీద పడి చేతులు ఇంకా వదలని ఆ క్షణం, "సార్, ఇటు!" అని ఒక్క కేక. అదీ సమయం. 120 రీలుకు వచ్చేవి 12 ఫొటోలు. వరసలో నలభై మంది నిలబడితే ఎవరు కొంటారో చూపుతోనే తేల్చుకోవాలి. వెంట మందితో వచ్చినవాడు కొంటాడు. ఒక్కడే వచ్చినవాడూ కొంటాడు. ఇద్దరు స్నేహితులు కలిసొస్తే మాత్రం "నువ్వు తీసుకో", "నువ్వు తీసుకో" అనుకుని ఇద్దరూ మానేస్తారు. ఇది మేష్టారి లెక్క, నాకు తెలిసి తప్పలేదు.

రాత్రంతా కడిగి, ప్రింట్లు వేసి, తెల్లారేసరికి సైకిలు మీద బయల్దేరేవాణ్ణి. ఏడింటికి దండ వేసినాయన కాఫీ తాగుతుండగా గేటు దగ్గర నిలబడాలి. అప్పుడైతే ఇంట్లో అందర్నీ పిలిచి చూపించి అడిగినంతా ఇస్తారు. మూడో రోజుకి బేరం మొదలవుతుంది. వారం దాటితే ఊరికే ఇమ్మంటారు. సింగ్‌నగర్ నుంచి పటమట దాకా, కృష్ణలంక నుంచి గుణదల దాకా నాకు ఇళ్లన్నీ అలా తెలుసు, దండలు వేసినవాళ్ల ఇళ్లుగా. ఆ పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్‌లోనే 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది. దాని ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లను చూసినప్పుడల్లా, వేదిక పక్క మెట్లు ఎక్కడుండేవో కళ్లతో కొలుచుకుంటాను.

ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ కూడా వేటలూ విందులూ ఫొటోలు తీశారు. ఆయన 1905లో పోయారు. ఆ పటాలు ఇప్పటికీ పెద్ద పెద్ద పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. అంత గొప్ప పనితనంతో నన్ను పోల్చుకోను. కానీ దండ పట్టుకున్న రిక్షా సంఘం కార్యదర్శి ముఖాన్ని ఏ పుస్తకమూ దాచలేదు. అది ఆయన ఇంటి గోడ మీదుంది, నా డబ్బాలో ఉంది, అంతే.

ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలు, దసరాకి దుర్గమ్మ కొండ మీద జనం, చలికాలంలో ఎర్రబట్టలతో భవానీలు, మార్చిలో స్కూళ్ల గ్రూపు ఫొటోలు. ఏడాది ఇలా తిరిగేది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన ఉంటే, పిల్ల పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడే ఫొటో ఒక్కటి కుదిరితే చాలు, తల్లి, మేనత్త, అమ్మమ్మ మూడు కాపీలు కొనేవాళ్లు. దసరా రాత్రి హంస వాహనం మీద అమ్మవారి తెప్పోత్సవం ఎంత అందంగా తీసినా కొనే మనిషి ఉండడు. అందులో ఎవరి ముఖమూ లేదు మరి. అయినా ఏటా ఒక్కటి తీసేవాణ్ణి, నాకోసం.

పెళ్లిళ్లకు డెల్టా అంతా తిరిగాను. పెనుమూడి, పులిగడ్డల మధ్య వంతెన లేని రోజుల్లో పంటు మీద కృష్ణ దాటి, కెమెరా సంచీ పొట్టకు హత్తుకుని వెళ్లిన అర్ధరాత్రి ముహూర్తాలు ఎన్నో. మంగళసూత్రం కట్టేటప్పుడు బంధువులంతా ఒక్కసారి లేచి అక్షింతలు వేస్తారు, చేతులు తప్ప ఏమీ కనపడవు. అందుకని ముందే పీటల పక్కన మోకాళ్ల మీద కూర్చునేవాణ్ణి. మూడు ముళ్లకు మూడు ఫొటోలు. ఫ్లాషు మళ్లీ నిండడానికి పట్టే సమయం ముడికీ ముడికీ మధ్య సరిగ్గా సరిపోయేది. పురోహితుల్ని బతిమాలితే మూడో ముడి కాస్త నిదానంగా వేయించేవారు.

1987లో చల్లపల్లి దగ్గర ఒక పెళ్లిలో నా చేతుల్లో జరిగిన తప్పు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. 36 ఫొటోల రీలు, కౌంటరు 36 దాటింది, 38 దాటింది. అప్పుడప్పుడూ ఒకటి రెండు ఎక్కువ వస్తాయి కదా అని సంతోషించాను. 40 దగ్గర వెన్ను చల్లబడింది. రీలు కొస పళ్లచక్రానికి పట్టుకోలేదు. జీలకర్రా బెల్లం నుంచి తలంబ్రాల దాకా కెమెరాలో ఫిల్ము కదలనే లేదు. అప్పగింతలు మాత్రం కొత్త రీలులో పడ్డాయి. మర్నాడు సత్యనారాయణ వ్రతం అయ్యేదాకా ఆగి, పెళ్లికూతురి తండ్రికి చెప్పాను. అడ్వాన్సు తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. కోప్పడలేదు కూడా. "మా అమ్మ ముందు వరసలో కూర్చుంది నాయనా, ఆమె ఫొటో ఇంతవరకు ఒక్కటీ లేదు" అన్నారంతే. మరుసటి వారమే వెళ్లి ఆ అవ్వని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి తీశాను, డబ్బు అడగలేదు. కానీ పెళ్లి పందిట్లో పట్టుచీర కట్టుకుని మనవరాలిని చూసుకుంటున్న అవ్వ వేరు, కుర్చీలో బిగుసుకుని కూర్చున్న అవ్వ వేరు. ఆ రోజునుంచి రీలు ఎక్కించాక తిప్పుడు పిడి తిరుగుతోందో లేదో చూడకుండా ఒక్క ఫొటో తియ్యలేదు.

ఇక పుష్కరాలు. పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజులు. 1980లో మేష్టారి వెనక సంచీ మోసుకుంటూ వెళ్లాను. 1992 నాటికి నాకు సొంత కెమెరా, సొంత రసీదు పుస్తకం ఉన్నాయి. అంతకు పదేళ్ల ముందు రంగుల రీలు కడిగించాలంటే రాత్రి మెయిల్లో మద్రాసు పంపాల్సివచ్చేది. తొంభైల్లో ఊళ్లోనే కలర్ ల్యాబులు వచ్చేశాయి. పొద్దున ఇస్తే సాయంత్రానికి ప్రింట్లు.

మన భాషలో ఏట్లోకి దిగుతాం, ఫొటో కూడా దిగుతాం. దుర్గా ఘాట్‌లో ఆ రెండూ ఒక్కచోటే జరిగేవి. తెల్లవారుజామున మూడింటికి కెమెరాకి ప్లాస్టిక్ సంచి చుట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాణ్ణి. కొంగులు ముడివేసుకుని సరిగంగ స్నానాలు చేసే దంపతులు, మనవడిని చంకనెత్తుకుని ముంచే తాతలు, పుట్టువెంట్రుకలు తీయించిన గుండు బాబులు. మాకు కొన్ని కట్టుబాట్లుండేవి, ఎవరూ కాగితం మీద రాయకపోయినా. పిండప్రదానం చేసేవాళ్ల వైపు కెమెరా ఎత్తకూడదు. తడిబట్టలతో ఉన్న ఆడవాళ్లను తీయకూడదు, పొడిచీర కట్టుకుని బొట్టు పెట్టుకునేదాకా ఆగాలి. ఏడ్చేవాళ్లను అడగకూడదు.

మూడు కాపీలు, నలభై రూపాయలు. సగం ముందు, సగం వి.పి.పి.లో. పోస్ట్‌మన్ కవరు చేతికిచ్చి మిగతా ఇరవై వసూలు చేస్తాడు. ముక్కూ ముఖం తెలియనివాడి చేతికి ఇరవై రూపాయలిచ్చి, ఊరి పేరు చెప్పి వెళ్లిపోయేవాళ్లు జనం. మోసపోతామన్న ఆలోచనే వాళ్లకు లేదు. ఆ నమ్మకం ఎంత బరువో అది మోసినవాడికే తెలుస్తుంది. రాత్రి సత్రంలో కొవ్వొత్తి పెట్టుకుని పద్దు సరిచూసుకునేవాణ్ణి. పేర్లు కలిసిపోతాయి, అందుకని గుర్తులు రాసుకునేవాణ్ణి. "రీలు 14, నంబరు 22, గుండు బాబు, పసుపు చీర, ఇత్తడి చెంబు." చిరునామాలు వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి. "రామాలయం వెనక, చింతచెట్టు ఇల్లు." "బాడవ దాటాక మొదటి పెంకుటిల్లు." "కరణంగారిని అడిగితే చెబుతారు." ఆ చిరునామాలతోనే కవర్లు చేరేవి. వందల్లో పంపితే తిరిగొచ్చినవి 43.

2004 పుష్కరాల్లో వ్యాపారం సగానికి పడింది. పెళ్లిళ్లకు డిజిటల్ కెమెరాలు, కరిష్మా ఆల్బమ్‌లు వచ్చాయి. నేనూ కొన్నాను, నేర్చుకున్నాను, కొన్నేళ్లు నడిపాను. 2012లో కోడాక్ దివాలా పిటిషను వేసిందని పేపర్లో చదివిన రోజు మేష్టారింటికి వెళ్లి కూర్చున్నాను, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. 2016 పుష్కరాలకు ఘాట్‌కి వెళ్లాను, స్నానానికి. నలుగురు తమ ఫోన్లు నా చేతికిచ్చి తీసిపెట్టమన్నారు. శ్రద్ధగా తీసిపెట్టాను. ఊరి పేరు చెప్పినవాళ్లు లేరు, అడగాల్సిన పనీ లేదు.

బుడమేరు తర్వాత ఆ 43 కవర్లను మళ్లీ అటక ఎక్కించడానికి మనసొప్పలేదు. ఇంకోసారి నీళ్లొస్తే? నాకు ఆ పైన ఏమైనా అయితే? 2025 సంక్రాంతి వెళ్లాక, బస్సులో వెళ్లిరాగలిగిన ఊళ్లవి పదకొండు ఏరి, వారానికొకటి చొప్పున తిరగడం మొదలుపెట్టాను. మూడు ఊళ్లలో ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకచోట ఇల్లుండాల్సిన జాగాలో రొయ్యల చెరువుంది.

నాలుగోది మోపిదేవి దగ్గర. రిజిస్టరులో "రామాలయం వెనక, చింతచెట్టు ఇల్లు". రామాలయం ఉంది, చింతచెట్టు లేదు. టీ కొట్టులో ఫొటో చూపిస్తే కుర్రవాళ్లు తల అడ్డంగా ఊపారు. అరుగు మీద కూర్చున్న ముసలి దర్జీ ఒకాయన కళ్లజోడు సర్దుకుని, పసుపు చీరావిడని వదిలేసి, వెనక నీళ్లలో సగం మాత్రమే కనపడుతున్న మనిషి మీద వేలు పెట్టాడు. "ఈయన చొక్కాలు నేనే కుట్టా. వీళ్లు అప్పట్లో ఊరొదిలి వెళ్లి, మళ్లీ వచ్చి చెరువు పక్కన కట్టుకున్నారు."

గుండు బాబుకి ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. ట్రాక్టరు కడుగుతూ చేతులు తుడుచుకుని కవరు విప్పాడు. తనని తాను చూసుకుని నవ్వి, లోపలికి పరుగెత్తి వాళ్లమ్మని తీసుకొచ్చాడు. ఆమె కొడుకుని చూడలేదు, తనని చూసుకోలేదు. ఫొటోని కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఇదిగో మా అత్తగారి చెంబు. ఆ రోజే ఏట్లో కొట్టుకుపోయింది. నే జారవిడిచానని చచ్చేదాకా అంటూనే ఉండేది" అంది. బొటనవేలితో చెంబు మీద రెండుసార్లు రాసింది, మురికి తుడిచినట్టు.

కొడుకు రసీదు చీటీ చదువుతున్నాడు. "బాబాయ్ గారూ, ఇందులో ఇరవై బాకీ ఉందే?"

ఉందయ్యా అన్నాను. జేబులోనుంచి ఇరవై రూపాయల నోటు తీసి ఇచ్చాడు. పుచ్చుకుని, రిజిస్టరు తెరిచి, రీలు 14, నంబరు 22 ఎదురుగా ముట్టినది అని రాసి, కింద తేదీ వేశాను.